మొక్కకు దాహం వేసిందా?

మన వాకిట్లో తులసి ఉంటుంది. దొడ్లో మందారం, బంతి, కరివేపాకు ఉంటాయి. ఇవన్నీ ఆరుబయట పెరిగే మొక్కలు. ఎండ, వాన, గాలి వాటికి నేరుగా అందుతాయి.

ఇప్పుడు ఇంటి లోపల కూడా మొక్కలు పెంచుతున్నాం. పట్నంలో ఒక్క గది అద్దెకు తీసుకున్నవాళ్ళకు దొడ్డి ఎక్కడిది? కిటికీలో ఒక సీసా, గుమ్మం పక్కన ఒక కుండీ పెట్టుకుంటారు. పల్లెల్లో కూడా కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్ళు వసారాలో కుండీలు పెడుతున్నారు. బ్యాంకులో, బడిలో, ఆసుపత్రిలో కూడా ఇవి కనిపిస్తాయి.

పచ్చని ఆకు కంటికి చల్లన. ఇంటికి అందం. కాని చాలా ఇళ్ళల్లో ఏం జరుగుతోంది? తెచ్చిన రెండు నెలలకే ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. ఒక్కొక్కటే రాలిపోతాయి. మొదలు మెత్తబడుతుంది. "మా హస్తవాసి మంచిది కాదు" అని ఊరుకుంటాం.

హస్తవాసి కాదు. కారణం వేరే ఉంది. అదేమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ మొక్కలు ఎక్కడివి?

మనీ ప్లాంటు మనందరికీ తెలుసు. దాని సొంత ఊరు చాలా దూరం. పసిఫిక్ మహాసముద్రంలో మూరియా అనే చిన్న దీవి ఉంది. అక్కడి అడవి తీగ ఇది. పెద్ద చెట్లను పట్టుకుని పైకి పాకుతుంది. మన సీసాలో అరచేయంత ఉండే ఆకు అక్కడ చేటంత అవుతుంది.

కత్తుల్లా నిటారుగా నిలబడే ఆకులున్న మొక్కను పాము మొక్క అంటారు. అది ఆఫ్రికా ఖండంలో పడమటి దేశాల మొక్క. మన పల్లెల్లో చాగ అనే మొక్క ఉంది కదా! దాని ఆకుల నుంచి పూర్వం నార తీసేవాళ్ళు. పాము మొక్క ఆ చాగకు దగ్గర చుట్టం.

లావు కాండం, వెడల్పు ఆకులు, ఆకుల మీద తెల్లటి మచ్చలు ఉండే మొక్క డిఫెన్‌బాకియా. అది అమెరికా ఖండంలోని వేడి అడవులది. ఈత మట్టల్లా సన్నని ఆకులు ఉండే అరెకా పామ్ మడగాస్కర్ అనే దీవిది.

ఇవన్నీ వేడి దేశాల మొక్కలు. భూమికి నడుం చుట్టూ మొలతాడు కట్టినట్టు ఒక గీత ఊహించుకోండి. దాన్ని భూమధ్య రేఖ అంటారు. ఆ గీతకు అటూ ఇటూ ఉన్నవి వేడి దేశాలు. మన తెలుగు నేల కూడా ఆ వేడి పట్టీలోనే ఉంది. చలి దేశాల్లో ఈ మొక్కలను చలికాలంలో వెచ్చని గదుల్లో దాచాలి. మనకు ఆ బాధ లేదు. అందుకే ఇవి మన దగ్గర తేలిగ్గా బతుకుతాయి.

అడవిలో పెద్ద చెట్ల కింద వీటికి ఏం దొరుకుతుంది? ఆకుల సందుల్లోంచి వచ్చే వెలుతురు దొరుకుతుంది. రాలిన ఆకులు చివికి తయారైన గుల్ల మట్టి దొరుకుతుంది. వాన రోజూ పడినా ఆ మట్టిలో నీరు నిలవదు. కిందికి ఇంకిపోతుంది. మన ఇంట్లో కూడా ఈ మూడూ ఉంటే చాలు.

పాము మొక్క మాత్రం ఎండిన రాతి నేలల్లో కూడా బతికే మొక్క. అది ఆకుల్లోనే నీరు దాచుకుంటుంది. దానికి నీరు ఇంకా తక్కువ చాలు.

చేలో ఒక న్యాయం, కుండీలో ఒక న్యాయమా?

ఒక ఇంట్లో అత్తాకోడళ్ళు మాట్లాడుకుంటున్నారు. మనం కూడా విందాం.

కోడలు : అత్తయ్యా, ఈ మొక్క చూడండి. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు పోస్తున్నాను. అయినా వడిలిపోతోంది. ఇంకో చెంబు పొయ్యనా?

అత్త : ఆగమ్మా. పోసేముందు మట్టి ఎట్లా ఉందో చూశావా?

కోడలు : తడిగానే ఉంది. కాని ఆకులు వాలిపోయాయి కదా! దాహం వేస్తేనే కదా వాలిపోయేది?

అత్త : మొన్న ముసురు పట్టినప్పుడు మన మిరప చేలో ఏమైంది? పల్లంలో నీళ్ళు నిలిచాయి. నాలుగు రోజులకు అక్కడి మొక్కలు వడిలిపోయాయి. నీళ్ళు లేకనా?

కోడలు : కాదు. ఎక్కువై.

అత్త : మీ మామయ్య కాలవ తీసి నీళ్ళు బయటికి పంపాడు. మిగిలిన మొక్కలు తేరుకున్నాయి. చేలో ఒక న్యాయం, కుండీలో ఒక న్యాయం ఉంటుందా?

కోడలు : కుండీకి కాలవ ఎట్లా తీస్తాం అత్తయ్యా?

అత్త : అడుగున ఉండే బెజ్జమే దాని కాలవ. ఎత్తి చూడు, ఉందో లేదో.

కోడలు కుండీ ఎత్తి చూసింది. అది పాత ప్లాస్టిక్ రంగు డబ్బా. అడుగున బెజ్జం లేదు. మొక్కను మట్టితో సహా బయటికి తీశారు. మురుగు వాసన కొట్టింది. వేర్లు నల్లగా, మెత్తగా ఉన్నాయి. పట్టుకుంటే ఊడి వస్తున్నాయి. అక్కడక్కడ కొన్ని వేర్లు తెల్లగా, గట్టిగా ఉన్నాయి.

నల్లటివి కుళ్ళిన వేర్లు. తెల్లటివి బతికున్న వేర్లు. అత్త కుళ్ళిన వేర్లన్నీ కత్తెరతో తీసేసింది. కోడలు మేకు కాల్చి డబ్బా అడుగున బెజ్జాలు పెట్టింది. కొత్త మట్టి పోసి మొక్కను మళ్ళీ నాటారు.

వేరు కూడా ఊపిరి పీలుస్తుంది

మనకు గాలి కావాలి. వేరుకు కూడా గాలి కావాలి. మట్టి రేణువుల మధ్య సన్నని సందులు ఉంటాయి. ఆ సందుల్లో గాలి ఉంటుంది. వేరు ఆ గాలినే పీల్చుకుంటుంది.

నీళ్ళు పోసినప్పుడు సందులు నీటితో నిండుతాయి. అడుగున బెజ్జం ఉంటే ఎక్కువైన నీరు కారిపోతుంది. మళ్ళీ గాలి చేరుతుంది. బెజ్జం లేకపోతే నీరు అక్కడే నిలుస్తుంది. వేరుకు ఊపిరి ఆడదు. కుళ్ళిపోతుంది.

కుళ్ళిన వేరు నీరు తాగలేదు. అందుకే చుట్టూ నీళ్ళున్నా ఆకు వడిలిపోతుంది. అది చూసి మనం దాహం అనుకుంటాం. మళ్ళీ నీళ్ళు పోస్తాం. ఇంట్లో కుండీ మొక్కలు నీళ్ళు లేక చచ్చేకంటే నీళ్ళు ఎక్కువై చచ్చేదే ఎక్కువ.

వేలు పెట్టి చూడండి

మరి ఎప్పుడు నీళ్ళు పొయ్యాలి? దీనికి గడియారం అక్కర్లేదు. మన వేలు చాలు.

కుండీ మట్టిలో చూపుడు వేలు రెండు కణుపుల లోతు దించండి. లోపల తడి తగిలితే నీళ్ళు పొయ్యొద్దు. పొడిగా ఉంటే పొయ్యండి. పోసినప్పుడు అడుగు బెజ్జంలోంచి నీరు కారేదాకా పొయ్యండి. తర్వాత మట్టి ఆరేదాకా ఆగండి. పాము మొక్కకు మట్టి పూర్తిగా ఎండిన తర్వాతే పొయ్యాలి.

కాలాన్ని బట్టి కూడా నీరు మారుతుంది. ఎండాకాలంలో మట్టి త్వరగా ఆరుతుంది. అప్పుడు తరచుగా పొయ్యాలి. వానాకాలంలో, చలికాలంలో మెల్లగా ఆరుతుంది. అప్పుడు తగ్గించాలి. ఏ కాలమైనా వేలే సాక్షి.

కుండీ సిద్ధం చేద్దాం

కుండీ కొనక్కర్లేదు. పాత బకెట్టు, నూనె డబ్బా, పగిలిన కుండ ఏదైనా పనికొస్తుంది. పురుగుమందు డబ్బాలు మాత్రం ఇంట్లోకి తేవద్దు.

1. అడుగున మూడు నాలుగు బెజ్జాలు పెట్టండి.
2. బెజ్జాల మీద కుండ పెంకులు బోర్లించండి. నీరు పోతుంది. మట్టి పోదు.
3. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలపండి.
4. మొక్క నాటి, మట్టిని మెల్లగా అదమండి. గట్టిగా తొక్కొద్దు.
5. పైన రెండు వేళ్ళ వెడల్పు ఖాళీ ఉంచండి.

నల్లరేగడి మట్టి ఒక్కటే వాడొద్దు. అది తడిస్తే బంకలా అవుతుంది. నీటిని వదలదు. ఆరితే బీటలు వారుతుంది. పచ్చి పేడ కూడా వెయ్యొద్దు. దాని వేడికి వేర్లు మాడతాయి.

కిటికీ దగ్గర ఎంత దూరం?

ఆకు సూర్యుడి వెలుతురుతో అన్నం వండుకుంటుంది. వెలుతురు లేని మూలలో పెడితే మొక్కకు ఆకలే. కాడలు సన్నగా, పొడుగ్గా సాగుతాయి. ఆకు మీద పసుపు చారలు మాసిపోతాయి.

అట్లాగని మధ్యాహ్నం ఎండలో పెట్టొద్దు. వేసవిలో వడగాలి తగిలితే ఆకు అంచులు మాడతాయి. కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోటు మంచిది. పగలు దీపం లేకుండా ఈ పుస్తకం చదవగలిగే చోటు మొక్కకూ పనికొస్తుంది.

ఆకుల మీద దుమ్ము పడితే తడిగుడ్డతో తుడవండి. ఆకు కింద కూడా చూడండి. తెల్లటి దూదిలాంటి పిండి పురుగు పడితే గుడ్డతో తుడిచెయ్యండి. లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేప నూనె, కొన్ని చుక్కల సబ్బు నీళ్ళు కలిపి చల్లండి. వారం తర్వాత మళ్ళీ చల్లండి.

సీసాలో నీళ్ళు, నీళ్ళలో దోమలు

మనీ ప్లాంటు ఉత్త నీళ్ళలో కూడా పెరుగుతుంది. దాని వేర్లు నీళ్ళకు అలవాటు పడతాయి. కాని ఆ సీసాను చూసి సంతోషించేది మనం ఒక్కళ్ళమే కాదు. డెంగీ దోమ కూడా సంతోషిస్తుంది.

డెంగీ దోమ మురుగు కాలవ వెతుక్కోదు. శుభ్రమైన నిలవ నీరు వెతుక్కుంటుంది. కుండీ కింద పళ్ళెం, పూల సీసా, కూలరు దానికి పురిటి గదులు. ఈ దోమ కాళ్ళ మీద తెల్లటి చారలు ఉంటాయి. పగటిపూట కుడుతుంది.

దోమ నీటి అంచున, సీసా గోడకు గుడ్లు అంటిస్తుంది. మన వేడికి గుడ్డు పగిలి, పురుగై, దోమై ఎగరడానికి సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. అందుకే ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒకరోజు 'డ్రై డే' పాటించమంటారు. డ్రై డే అంటే నీటి పాత్రలన్నీ ఒంపి ఆరబెట్టే రోజు.

నీళ్ళు ఒంపితే చాలా? చాలదు. గోడకు అంటిన గుడ్లు తడి లేకపోయినా నెలల తరబడి బతికుంటాయి. మళ్ళీ నీళ్ళు పోయగానే పగులుతాయి. కాబట్టి సీసా లోపల పీచుతో గట్టిగా తోమాలి. వేర్లు కూడా కడగాలి. సీసా మూతి దగ్గర తీగ చుట్టూ దూది కూరాలి. కుండీ కింద పళ్ళెంలో నీరు ఉంచొద్దు. ఇసుక పోసి ఉంచితే నీరు నిలవదు.

ఉన్నట్టుండి ఎక్కువ జ్వరం, కళ్ళ వెనక నొప్పి, ఒళ్ళు నొప్పులు వస్తే డెంగీ కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. సొంతంగా నొప్పి బిళ్ళలు మింగకూడదు. కొన్ని బిళ్ళలతో రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది.

చూశారా! కుండీలో నిలవ నీరు వేరును చంపుతుంది. సీసాలో నిలవ నీరు మనిషికి జ్వరం తెస్తుంది. శత్రువు ఒకటే.

పాకే పిల్లలు ఉన్నారా?

చేమదుంప, కంద తరిగినప్పుడు చేతులు దురద పెడతాయి. ఎందుకు? వాటిలో కంటికి కనపడని సూదులు ఉంటాయి. అవి సున్నం జాతి సూదులు. బాగా ఉడికిస్తే దురద తగ్గుతుంది.

డిఫెన్‌బాకియా, మనీ ప్లాంటు కూడా చేమ కుటుంబంలోవే. వీటిలోనూ ఆ సూదులు ఉన్నాయి. డిఫెన్‌బాకియా ఆకు గాని కాండం గాని నమిలితే నోరు మండుతుంది. నాలుక వాస్తుంది. మాట రాకుండా పోవచ్చు. ఇంగ్లీషులో దీనికి 'మూగ కర్ర' అనే అర్థం వచ్చే పేరు ఉంది. పాకే పిల్లలు దొరికింది నోట్లో పెట్టుకుంటారు. కాబట్టి ఈ మొక్కలను వాళ్ళకు అందని ఎత్తులో పెట్టండి. మేకలకు, కుక్కపిల్లలకు కూడా అందనివ్వొద్దు. కొమ్మ కోశాక చేతులు కడుక్కోండి.

పిల్లలు పొరపాటున నమిలితే ఇట్లా చెయ్యండి.

- నోట్లో ఉన్న ముక్కలు తీసెయ్యండి.
- చల్లని నీళ్ళతో నోరు కడగండి.
- మింగగలిగితే చల్లని నీళ్ళో, పాలో కొద్దికొద్దిగా పట్టండి.
- బలవంతంగా వాంతి చేయించొద్దు.
- గొంతు వాచినా, మింగలేకపోయినా, ఊపిరి అందకపోయినా వెంటనే 108 కు ఫోను చెయ్యండి.

అనుకునేది ఒకటి, ఉన్నది ఒకటి

"దొంగతనంగా తెచ్చిన మనీ ప్లాంటే కలిసొస్తుంది" అంటారు కొందరు. తీగకు కణుపు ఉందా లేదా అన్నదే లెక్క. కణుపు దగ్గరే వేరు పుడుతుంది. కణుపు లేని ఆకు నీళ్ళలో పెట్టినా తీగ కాదు. పక్కింటి వదినను అడిగి, రెండు కణుపులున్న ముక్క తెచ్చుకోండి. ఒక కణుపు నీళ్ళలో మునిగేట్టు పెట్టండి. రెండు మూడు వారాల్లో వేర్లు వస్తాయి.

"ఇంట్లో రెండు మొక్కలుంటే గాలి శుద్ధి అవుతుంది" అని కూడా అంటారు. 1989 లో అమెరికాలో నాసా సంస్థ మూసిన చిన్న పెట్టెల్లో మొక్కలు పెట్టి పరీక్ష చేసింది. పెట్టెలో గాలి కొంత శుద్ధి అయింది. కాని మన ఇల్లు మూసిన పెట్టె కాదు. రెండు మొక్కలు పొయ్యి పొగను తీసెయ్యలేవు. దానికి కిటికీ తెరవాలి. మొక్కను అందం కోసం, మనసుకు హాయి కోసం పెంచుకుందాం.

మొక్క డబ్బు తేవడం అబద్ధం కాదు. కాని తెచ్చేది పని. గోదావరి పక్కన కడియం, కడియపులంక ఊళ్ళల్లో ఎన్నో నర్సరీలు ఉన్నాయి. అక్కడి మొక్కలు లారీల్లో దేశంలో చాలా చోట్లకు వెళ్తాయి. ఎంతోమంది ఆడవాళ్ళు, మగవాళ్ళు ఆ పని మీద బతుకుతున్నారు. ఒక మొక్కను పదిగా చెయ్యడం వాళ్ళ చేతి విద్య. ఆ విద్యలో మొదటి పాఠం కణుపు. రెండో పాఠం నీరు.

కొత్త మాటలు చదవండి, రాయండి

కణుపు   బెజ్జం   వెలుతురు   గుల్ల మట్టి   నిలవ నీరు   భూమధ్య రేఖ

జవాబులు చెప్పండి

1. మట్టి తడిగా ఉన్నా మొక్క ఎందుకు వడిలిపోతుంది?
2. కుండీ అడుగున బెజ్జం ఎందుకు?
3. సీసాలో నీళ్ళు ఒంపితే సరిపోతుందా? ఇంకేం చెయ్యాలి?
4. డిఫెన్‌బాకియాను ఎత్తులో ఎందుకు పెట్టాలి?

ఖాళీలు నింపండి

1. బతికున్న వేరు ........ రంగులో ఉంటుంది.
2. డెంగీ దోమ ........ పూట కుడుతుంది.
3. మనీ ప్లాంటు తీగకు ........ దగ్గర వేరు పుడుతుంది.

లెక్క చేద్దాం

1. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు ఎరువు కలపాలి. మొత్తం 8 తట్టల మట్టి కావాలంటే ఏది ఎన్ని తట్టలు?
2. ఒక శుక్రవారం సీసా తోమి నీళ్ళు మార్చారు. తర్వాతి శుక్రవారం మరిచిపోయారు. ఆ పై శుక్రవారం మార్చారు. నీళ్ళు ఎన్ని రోజులు నిలిచాయి? అన్ని రోజుల్లో దోమ పుడుతుందా?

కలిసి చేద్దాం

మీ వీధిలో పది ఇళ్ళు తిరగండి. కుండీలు, పళ్ళేలు, సీసాలు, కూలర్లు చూడండి. ఎక్కడెక్కడ నీరు నిలిచిందో కాగితం మీద రాయండి. ఆ ఇంటివాళ్ళతో కలిసి ఆ నీరు ఒంపండి, పాత్ర తోమండి. మీ ఇంట్లో క్యాలెండరు మీద వారంలో ఒక రోజు చుట్టూ సున్నా చుట్టండి. దాని కింద మీ చేతి రాతతో ఇట్లా రాయండి:

"ఈ రోజు నీళ్ళు మార్చాలి."